అడీనియం ప్యాకెట్‌లోంచి ముళ్ళ మొక్క వచ్చింది, ఇదేం రకం?

మీరు రాసినది ఇదీ: చిత్తూరులో ‘అడీనియం అరబికం’ (అడీనియం అంటే ఎడారి గులాబీ) అని ఉన్న ప్యాకెట్ కొని విత్తనాలు నాటారు. మొక్కకేమో కాండం నిండా ముళ్ళు, అడుగున గడ్డ ఊరకుండా నిటారుగా పోతోంది. అయితే అది అడీనియం కాదండీ. అరబికం కానీ ఒబేసం కానీ, అడీనియంకు ముళ్ళుండవు, లేతప్పుడైనా ముదిరినా. ఆకు చూసి, ప్యాకెట్ మీది పువ్వు బొమ్మ చూసి తేల్చుకోవాలంటే కష్టం. ముల్లు ఒక్కటి చాలు.

నా అంచనా, పాకిపోడియం లామెరీ. తిరుపతిలో మా మిద్దె మీద కూడా ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన అడీనియం విత్తనాల్లో కొన్ని ఇలాగే ముళ్ళతో లేచాయి. నర్సరీల్లో దీన్ని ‘మడగాస్కర్ పామ్’ అంటారు. సొంత ఊరు మడగాస్కరే గానీ తాటి జాతితో సంబంధం లేదు. అడీనియం, ఇదీ రెండూ గన్నేరు కుటుంబమే. రెండింటికీ కొమ్ముల్లాంటి జంట కాయలే కాస్తాయి. కాబట్టి అమ్మినవాడు కావాలనే మోసం చేశాడని నేను అనను. ఎక్కడో రెండు డబ్బాలు కలిసిపోయి ఉంటాయి.

ప్యాకెట్‌లో విత్తనాలు ఇంకా మిగిలి ఉంటే ఒకసారి తీసి చూడండి. అడీనియం గింజ సన్నగా, పొడుగ్గా, చిన్న పుల్లముక్కలా ఉంటుంది, రెండు కొసలకూ దూది కుచ్చు. పాకిపోడియం గింజ కాస్త చదునుగా ఉంటుంది, కుచ్చు ఒక కొసకే. అమ్మేవాళ్ళు కుచ్చులు రాల్చేసి ప్యాక్ చేస్తారు, అప్పుడు గింజ ఆకారమే దిక్కు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. యుఫోర్బియా మిలీ, అదే గుడుల దగ్గర కుండీల్లో ఎర్ర పూలతో కనిపించే ముళ్ళ మొక్క, అదీ కావచ్చు. ఆకు ఒకటి తుంచండి. మన గట్ల మీది బొమ్మజెముడుకు కారినట్టు చిక్కటి తెల్లపాలు కారితే యుఫోర్బియా. నీళ్ళలాంటి రసం వస్తే పాకిపోడియం. ఏదైనా సరే చేతులు కడుక్కోకుండా కళ్ళు తుడుచుకోకండి. అడీనియం రసాన్ని ఆఫ్రికాలో బాణాలకు విషంగా పూసేవాళ్ళు, దాని చుట్టాన్నీ నమ్మలేం.

పెంపకానికి టెన్షన్ పడాల్సింది లేదు. ఏప్రిల్, మే ఎండలు దానికి లెక్కే కాదు. మన దగ్గర భయమంతా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలతోనే. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మిద్దె మీద వదిలేసినవి మొదలు కుళ్ళి మెత్తబడిపోయాయి, మెట్ల కింద పెట్టినవి నిలిచాయి. ఎర్రమట్టి ఒక్కటే వేస్తే నీరు నిలుస్తుంది, సగానికి పైగా ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళు కలపండి. చలికాలంలో ఆకులు రాల్చేస్తే చచ్చిందనుకుని నీళ్ళు ఎక్కువ పోయకండి, తగ్గించాలి. అడీనియంకు చేసినట్టు తల నరికి కొమ్మలు తెప్పించాలనీ చూడకండి, దీని అందమంతా ఆ ఒంటి కాండంలోనే ఉంది. పూల కోసమైతే మాత్రం ఏళ్ళు ఆగాలి. మనిషి ఎత్తుకు దగ్గరపడ్డాక తెల్లగా, నడుమ పసుపుతో, దేవగన్నేరులాంటివి పూస్తాయి.

ఒక్కటి చూసి చెప్పండి. ముళ్ళు ఒక్కో చోట మూడేసి ఉన్నాయా, రెండేసా? మూడేసి ఉండి ఆకు నున్నగా, ముదురాకుపచ్చగా ఉంటే లామెరీయే. మూడేసి ఉన్నా ఆకు సన్నగా, బూడిదరంగు నూగుతో ఉంటే దాని అన్నదమ్ముడు గేయీ కావచ్చు. రెండేసి ఉంటే దక్షిణాఫ్రికా వైపు సాండర్సీ. ఆకు అడుగు భాగం ఫోటో కూడా పెడితే తేలిపోతుంది.