ఐర్లాండ్‌లో చిన్నతనంలో గోల్ఫ్ క్యాడీగా పనిచేసిన అనుభవం: మీ అబ్బాయిని పంపవచ్చా?

మీ అబ్బాయికి పద్నాలుగేళ్లు నిండాయని, ఈ వేసవి సెలవుల్లో ఇంటికి దగ్గర్లోని గోల్ఫ్ మైదానంలో క్యాడీగా, అంటే ఆటగాడి సంచి మోస్తూ వెంట నడిచే సహాయకుడిగా, పనిచేస్తానని పట్టుబడుతున్నాడని, "ఒకరి సంచి మోయడానికా మనం ఇంత దూరం వచ్చింది?" అని మీ అత్తగారు బాధపడుతున్నారని రాశారు. ఐర్లాండ్‌లో చిన్నప్పుడు ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే తమ అనుభవం చెప్పమని అడిగారు. నేను చేశాను. 1980ల చివర్లో మా నాన్నగారు క్లేర్ కౌంటీలో వైద్యులుగా ఉండేవారు. మేము ఎన్నిస్టైమన్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. అక్కడికి సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ మహాసముద్రం ఒడ్డున, లహించ్ ఉంది. ఇంటర్ చదువుకని గుంటూరు తిరిగి వచ్చేదాకా వేసవి సెలవులన్నీ నేను ఆ ఊరి గోల్ఫ్ మైదానంలోనే గడిపాను.

ముందుగా ఆ ఊరికీ ఆ ఆటకూ ఉన్న సంబంధం తెలిస్తే మీ అత్తగారి బాధకు సగం సమాధానం దొరుకుతుంది. లహించ్‌లో గోల్ఫ్ క్లబ్బు 1892లో ఏర్పడింది. 1894లో స్కాట్లాండ్ నుంచి ఓల్డ్ టామ్ మోరిస్ అనే పేరుమోసిన గోల్ఫ్ ఆటగాడు వచ్చి ఇసుకదిబ్బల నడుమ మైదానం గీసి ఇచ్చాడు. 1895 నుంచి సౌత్ ఆఫ్ ఐర్లాండ్ ఛాంపియన్‌షిప్ అనే గోల్ఫ్ పోటీ అక్కడ జరుగుతోంది. 1961లో మూతపడేవరకు వెస్ట్ క్లేర్ రైలు ఆ ఊరిమీదుగానే నడిచేది. బండి దిగిన ఆటగాళ్ల సంచులు అందుకోవడానికి పిల్లలు స్టేషను దగ్గరే కాచుకుని ఉండేవారని మాకంటే ముందుతరం క్యాడీలు చెప్పేవారు. అంటే తాతలు, తండ్రులు, పిల్లలు ఒకే దిబ్బల మీద ఒకే పని చేసిన కుటుంబాలు అక్కడ ఉండేవి. కసాయి దుకాణం వారి అబ్బాయి, బడిపంతులు గారి అబ్బాయి, రైతు బిడ్డ, డాక్టరు కొడుకునైన నేను, అందరం ఒకే బల్ల మీద కూర్చుని మా వంతు కోసం ఎదురుచూసేవాళ్లం. ఆ పని చేసినందుకు అక్కడ ఎవరినీ ఎవరూ చిన్నచూపు చూడగా నేను ఎరగను.

ఆ వంతు గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే పని బాగుండడమూ బాగుండకపోవడమూ దానిమీదే ఆధారపడి ఉండేది. ఉదయం ఎవరు ముందు వస్తే వారి పేరు క్యాడీ మాస్టరు (క్యాడీలకు పని పంచే పెద్ద) తన పుస్తకంలో ముందు రాసుకునేవాడు. పెద్ద క్యాడీలకు, అంటే ఏడాది పొడవునా అదే జీవనాధారంగా ఉన్నవారికి, మొదటి పిలుపు. వారి తరువాతే పిల్లలం. మొదట్లో అది నాకు అన్యాయంగా అనిపించేది, ఎందుకంటే నేను తెల్లవారుజామునే వచ్చి కూర్చున్నా నా కళ్లముందే ఆలస్యంగా వచ్చినవారు సంచులు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆ సంపాదనతో ఇల్లు గడుపుకునేవారిని జేబుఖర్చుల కోసం వచ్చిన పిల్లలతో సమానంగా నిలబెట్టకూడదని క్యాడీ మాస్టరు ఒకసారి నిదానంగా వివరించాక నాకు మరి సందేహం రాలేదు. ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో నిరుద్యోగం చాలా ఎక్కువగా ఉండేది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లలో చాలామంది లండనుకో బోస్టనుకో వెళ్లిపోవడానికి టికెట్టు డబ్బులు కూడబెట్టుకుంటూ సంచులు మోసేవారు. వారిముందు నా తొందరకు విలువ ఏముంటుంది?

పని అంటే మోత మాత్రమే అని మీ ఇంట్లో అనుకుంటున్నట్టున్నారు. సంచిలో నియమం ప్రకారం బంతి కొట్టే కర్రలు పద్నాలుగుకు మించి ఉండకూడదు. వాటితోపాటు బంతులు, వానకోటు, గొడుగు, తువ్వాలు కలిపి పది పన్నెండు కిలోలు తూగేది. మొదటి వారం పట్టీ భుజానికి ఒరుసుకుని చర్మం కందిపోయేది. పట్టీ కింద తువ్వాలు మడిచి పెట్టుకోవాలని, సంచిని వీపుకు అడ్డంగా వేసుకుంటే బరువు నడుం మీదికి దిగుతుందని పక్కనున్న కుర్రాడు చూపించాక ఆ బాధ పోయింది. అసలు కష్టం బరువులో లేదు, చూపులో ఉంది. ఆటగాడు కొట్టిన బంతి గాలికి ఎటు వంగుతోందో, ఎక్కడ పడుతోందో, పడ్డాక ఎటు దొర్లుతోందో కన్ను ఆర్పకుండా చూడాలి. ఆ దిబ్బల మీద మోకాలెత్తు గడ్డి పెరుగుతుంది, అందులో పడిన తెల్లబంతి రెండడుగుల దూరం నుంచి కూడా కనపడదు. అందుకని బంతి పడిన చోటుకు వెనుకగా కదలని గుర్తు ఒకటి, ఒక కంచెగుంజో ఒక నల్లరాయో, ఎంచుకుని, దానినే చూస్తూ తిన్నగా నడిచి వెళ్లాలి. పక్కకు చూసినా, మాట్లాడినా ఆ గీత తప్పిపోతుంది. వెతకడానికి అప్పట్లో ఐదు నిమిషాలు గడువుండేది (2019 నుంచి అది మూడు నిమిషాలే). బంతి దొరకకపోతే ఆటగాడికి దెబ్బ లెక్కలో (బంతిని ఎన్నిసార్లు కొట్టాడన్న లెక్క, అది ఎంత తక్కువైతే అంత మేలు) నష్టం, దొరికితే సాయంత్రం చేతికి అందే డబ్బులో నాకు లాభం.

ఇంకొక పని ఇప్పటి పిల్లలకు దాదాపు అక్కరలేదు, కానీ నాకు బాగా ఇష్టమైనది అదే. గ్రీన్ (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డినేల) మీది నుంచి ఆటగాడు బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు జెండా కర్రను క్యాడీ పట్టుకుని నిలబడి, బంతి దగ్గరికి వస్తుండగా దాన్ని పైకి లాగేయాలి. లాగకుండా బంతి కర్రకు తగిలితే ఆటగాడికి రెండు దెబ్బల శిక్ష. 2019లో నియమాలు మార్చి కర్రను గుంటలోనే ఉంచి ఆడుకోవచ్చని అనుమతించారు గనుక ఆ భయం ఇప్పుడు లేదు. మాకు నేర్పిన పద్ధతి ఇది: ముందుగానే కర్రను కొద్దిగా తిప్పి, పైకి ఎత్తి చూసి, గుంటలో బిగుసుకుని లేదని రూఢి చేసుకోవాలి; జెండా గుడ్డ గాలికి టపటపలాడకుండా కర్రతో కలిపి పట్టుకోవాలి; మన నీడ బంతి వచ్చే దారికి అడ్డం పడకుండా నిలబడాలి; ఎదుటి ఆటగాడి బంతి దారిని తొక్కకూడదు. ఇవన్నీ గుర్తుపెట్టుకుని, గాలి చెవుల్లో హోరుమంటుండగా, చేయి వణకకుండా నిలబడడం పన్నెండేళ్ల పిల్లవాడికి చిన్న విషయం కాదు. అట్లా నిలబడిన ప్రతిసారీ పెద్దవారి ఆటలో నాకూ ఒక భాగం ఉందన్న భావన కలిగేది.

లహించ్‌కు ప్రత్యేకమైనవి రెండు గుంటలున్నాయి (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి బంతి పడాల్సిన గుంట దాకా ఉన్న దారినంతా కూడా గుంట అనే అంటారు). ఓల్డ్ టామ్ మోరిస్ కాలం నాటివి. ఆ తరువాత అమెరికాలో ఆగస్టా నేషనల్ గోల్ఫ్ మైదానాన్ని రూపొందించిన అలిస్టర్ మెకెంజీ 1927లో మైదానాన్ని చాలావరకు తిరగరాసినప్పుడు కూడా వాటిని అలాగే ఉంచేశారు. మొదటిది క్లాండైక్. దారికి అడ్డంగా పెద్ద దిబ్బ ఉంటుంది, దాని అవతల ఏముందో కొట్టేవాడికి కనపడదు. అవతలి వైపు మరొక గుంట ఆడేవారు దారి దాటుతుంటారు కాబట్టి దిబ్బ మీద ఒక మనిషి కూర్చుని, దారి ఖాళీ అయ్యాక జెండా ఊపుతాడు. రెండవది డెల్. ఇక్కడ గ్రీన్ పూర్తిగా రెండు దిబ్బల మధ్య దాగి ఉంటుంది. గుంట ఏ వైపున ఉందో తెలియడానికి ముందున్న దిబ్బ మీద ఒక తెల్లరాయి ఉంచుతారు, గుంట స్థానం మారినప్పుడల్లా ఆ రాయినీ జరుపుతారు. మొదటిసారి వచ్చిన అమెరికన్ ఆటగాళ్లు ఆ రాయిని చూసి, మావైపు చూసి, "నిజంగానే అటే కొట్టాలా?" అని అడిగేవారు. ఇరవై ముప్ఫై ఏళ్లు దేశదేశాల్లో ఆడివచ్చిన మనిషి, ఆ ఒక్క దెబ్బకు నా మాట నమ్మి, కనపడని చోటికి బంతి కొట్టేవాడు. బడిలో కానీ ఇంట్లో కానీ ఆ వయసులో నా మాటకు అంత బరువు ఎక్కడా లేదు.

వాతావరణం చెప్పడం కూడా క్యాడీ బాధ్యతే. లహించ్‌లో అందుకు మేకలున్నాయి. క్లబ్బు భవనంలోని పాత వాతావరణ మాపకం చెడిపోతే దానిమీద "మేకలను చూడండి" అని చీటీ అంటించారన్నది ఆ ఊరివాళ్లందరికీ తెలిసిన కథ. మేకలు దూరంగా దిబ్బల్లో మేస్తుంటే ఆ రోజు బాగుంటుంది, భవనం వైపు చేరుకుంటుంటే వాన వస్తుంది. వాటిని చూసి ముందే వానకోటు పైకి తీసి పెట్టేవాళ్లం. వాన పడినా ఆట ఆగదు. కర్రల పట్టులు తడవకుండా తువ్వాలును గొడుగు లోపలి ఊచలకు వేలాడదీయడం, మనం తడిసినా సంచి మూత తెరవకుండా కాపాడడం నేర్చుకున్నాం. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది, అందుకని పెద్దవాళ్లు రోజుకు రెండు ఆటలు మోసేవారు. పిల్లలకు ఒక్కటి చాలని క్యాడీ మాస్టరు ఖచ్చితంగా చెప్పేవాడు. ఎంత బతిమాలినా వినేవాడు కాదు.

డబ్బు విషయం. అప్పట్లో ఐరిష్ పౌండ్లు ఇచ్చేవారు. ఒక ఆటకు నిర్ణయించిన మొత్తం ఉండేది, దానిపైన ఆటగాడు సంతోషంతో ఇచ్చింది అదనం. నాతోటివాళ్లు చాలామంది ఆ డబ్బు తిన్నగా వాళ్లమ్మ చేతిలో పెట్టేవారు, సెప్టెంబరులో బడి పుస్తకాలూ బూట్లూ అందులోంచే వచ్చేవి. మా అమ్మ మాత్రం, "నీ కష్టార్జితం నీ దగ్గరే ఉంచుకో నాన్నా, లెక్క మాత్రం ఆదివారం నాకు చూపించు" అనేది. ఆ లెక్క పుస్తకం తెలుగులో రాసేవాణ్ణి. ఆ దేశంలో నేను తెలుగు మరిచిపోకపోవడానికి అదీ ఒక కారణం. అందరూ ఉదారంగా ఇచ్చేవారని చెప్పను. నాలుగు గంటలు నడిచి, మూడు బంతులు వెతికి పెట్టాక, చిల్లర లేదని చెప్పి వెళ్లిపోయిన మనిషి కూడా ఉన్నాడు. ఆ సంగతి తెలిసిన పెద్ద క్యాడీ ఒకాయన, నేను అడగకుండానే తన జేబులోంచి ఆ మొత్తం నా చేతిలో పెట్టి, "వాడు మరిచిపోయాడు, నువ్వూ మరిచిపో" అన్నాడు. మనుషులు ఎలా ఉంటారో పిల్లవాడికి తెలియడానికి అంతకన్నా మంచి చోటు ఉంటుందని నేను అనుకోను.

మీ అత్తగారికి ఇంకో మాట కూడా చెప్పండి. ఉత్తర ఐర్లాండ్‌లోని పోర్ట్‌రష్‌లో చిన్నప్పుడు సంచులు మోసిన ఫ్రెడ్ డేలీ, ప్రపంచంలోని పెద్ద గోల్ఫ్ పోటీల్లో ఒకటైన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌ను 1947లో గెలిచాడు. ఐర్లాండ్ ద్వీపం నుంచి దాన్ని గెలిచిన మొదటి మనిషి ఆయనే. గాల్వే దగ్గర క్యాడీగా మొదలైన క్రిస్టీ ఓకానర్ 1955 నుంచి 1973 వరకు వరుసగా పదిసార్లు, అమెరికా జట్టుతో జరిగే రైడర్ కప్ పోటీలో ఆడాడు. ఆడేవారి పక్కన నడుస్తూ వారి చేతులు, పాదాలు గమనించడమే ఆ తరం వారికి చాలావరకు శిక్షణ. మీ అబ్బాయి ఆటగాడు కావాలని నేను అనడం లేదు. ఆ పనిని ఆ దేశం ఏ దృష్టితో చూస్తుందో తెలియడానికి చెబుతున్నాను.

ఇక పంపాలా వద్దా అన్న ప్రశ్న. పంపండి అనే నా అభిప్రాయం, కొన్ని షరతులతో. మా కాలంలో పదేళ్ల పిల్లలు కూడా సంచులు ఎత్తేవారు. అది మంచిది కాదు, ఆ వయసుకు ఆ బరువు ఎక్కువ. 1996లో వచ్చిన యువజనుల ఉపాధి రక్షణ చట్టం ప్రకారం అక్కడ పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు బడి సెలవుల్లో తేలికపాటి పని మాత్రమే చేయవచ్చు. రోజుకు 7 గంటలు, వారానికి 35 గంటలు మించకూడదు, వేసవి సెలవుల్లో కనీసం 21 రోజులు ఏ పనీ లేకుండా విడిచిపెట్టాలి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కూడా కావాలి. కనుక ముందు మీరే ఆ మైదానానికి వెళ్లి క్యాడీ మాస్టరును కలవండి. రోజుకు ఒక్క ఆటకు మించి ఇవ్వరు కదా, బరువైన తోలుసంచులు కాకుండా తేలికపాటివే ఇస్తారు కదా, మొదటి వారం అనుభవమున్న క్యాడీ వెంట తిప్పుతారు కదా అని అడగండి. ఈ మూడింటికీ ఆయన తడుముకోకుండా జవాబు చెబితే నిశ్చింతగా పంపవచ్చు. నీళ్లు నములుతుంటే వేరే మైదానం చూసుకోండి. బూట్లు మాత్రం కొత్తవి కొనకండి, బాగా అలవాటైన, నీరు పట్టనివి వేయండి. సంచిలో రెండో జత మేజోళ్లు తప్పనిసరిగా పెట్టండి.