రిమైండర్ ఏ తారీఖున మోగాలి?

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది కాగితాల వివరాలు కొన్ని గూగుల్ కీప్‌లో, కొన్ని తమకు తామే పంపుకున్న వాట్సాప్ మెసేజ్‌లలో, మిగతావి ఆఫీసు ల్యాప్‌టాప్ వన్‌నోట్‌లో పెడతారు. అవసరం పడిన రోజు మూడూ వెతుక్కోవాలి. నోట్స్‌కి ఒక యాప్, పనులకి ఒక యాప్ చాలు. తర్వాత చూసుకోవడానికి రాసేది నోట్స్‌లోకి, తారీఖు ఉన్నది పనుల జాబితాలోకి. గూగుల్ వాడేవాళ్లకు కీప్, టాస్క్స్; ఐఫోన్ వాళ్లకు ఫోన్‌తోపాటే వచ్చే నోట్స్, రిమైండర్స్ సరిపోతాయి. ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ ఉచిత ఖాతాను 2023 డిసెంబర్‌లో 50 నోట్స్, ఒక్క నోట్‌బుక్‌కి కుదించారు, కాబట్టి కొత్తగా దాంతో మొదలుపెట్టే పని లేదు.

ఖాతా మాత్రం మీ సొంత మెయిల్‌తోనే తెరవండి. ఆఫీసు ఐడీతో తెరిచినది ఉద్యోగం పోయిన రోజే మూతపడొచ్చు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఆ తర్వాత ఇక్కడ ఉండడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. సరిగ్గా ఆ రోజుల్లోనే పే స్లిప్పులు, ఐ-797 (హెచ్1బీ మంజూరైనట్టు ఇచ్చే పత్రం) కాపీలు కావాలి. అవేమో తాళం పడిన ఖాతాలో ఉంటాయి. అలాగే సొంత ఖాతాకి ఓటీపీ ఇండియా నంబర్‌కే వెళ్తుంటే, ఆ సిమ్ ఆగిపోయేలోపు ఇక్కడి నంబర్‌కి మార్చుకోండి.

ఎక్కువమంది తప్పు చేసేది తారీఖు దగ్గర. గడువు ముగిసే రోజుకి రిమైండర్ పెడితే ఏం లాభం? అది మోగేసరికి చేయడానికి ఏమీ మిగలదు. పని మొదలుపెట్టాల్సిన రోజుకి పెట్టాలి. హెచ్1బీ పొడిగింపును గడువుకు 6 నెలల ముందు నుంచే దాఖలు చేయనిస్తారు. లాయర్ కాగితాలు పోగుచేయడానికి వ్యవధి కావాలి కాబట్టి రిమైండర్‌ని 8 నెలల ముందుకు జరపండి. అందులో ‘వీసా’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ రోజు అది మీకే అర్థం కాదు. ‘పొడిగింపు ఎప్పుడు మొదలుపెడతారని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాలి’ అని చేయాల్సిన పనిని రాయండి. కింద ఐ-797 కాపీ ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా.

అన్ని పనులకూ తారీఖు ఉండదు. కొన్ని సందర్భాన్ని బట్టి వస్తాయి. విదేశం వెళ్లొచ్చిన ప్రతిసారీ సీబీపీ (సరిహద్దు తనిఖీల శాఖ) వెబ్‌సైట్‌లో ఐ-94, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు, తీసి చూడాలి. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడి ఉంటే ఐ-94ని ఆ తారీఖుకే కత్తిరించి ఇస్తారు, చేతిలోని ఐ-797లో ఇంకా రెండేళ్లు కనిపిస్తున్నా సరే. ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం నింపాలి. ఇలాంటివాటికి ‘ప్రయాణం తర్వాత’, ‘ఇల్లు మారినప్పుడు’ అని రెండు చెక్‌లిస్టులు నోట్స్‌లో పైన పిన్ చేసి ఉంచండి. తారీఖులో నెలను అక్షరాల్లో రాయండి. 04/07 మనకు జూలై 4, ఇక్కడివాళ్లకు ఏప్రిల్ 7.

మళ్లీ మళ్లీ వచ్చే పనుల్లో ఒక మెలిక ఉంది. అద్దె ప్రతి నెలా 1వ తేదీనే కట్టాలి. ఏసీ ఫిల్టర్‌ని మాత్రం కిందటిసారి మార్చిన రోజు నుంచి మూడు నెలలు లెక్కపెట్టాలి. టోడోయిస్ట్ అనే పనుల యాప్‌లో ‘ఎవ్రీ 3 మంత్స్’ అంటే మొదట పెట్టిన తారీఖు నుంచి లెక్క. ‘ఎవ్రీ’ పక్కనే ఆశ్చర్యార్థకం పెడితే పని పూర్తిచేసిన రోజు నుంచి లెక్క. ఇది తెలియక ఫిల్టర్ నెల ఆలస్యంగా మార్చినవాళ్లకి రెండు నెలలకే మళ్లీ గుర్తుచేస్తుంది.

ఇంటికి చేసే వీడియో కాల్‌ని టాస్క్‌గా కాకుండా క్యాలెండర్‌లో, టైమ్ జోన్ ఇండియాగా మార్చి పెట్టండి. ఇండియాలో ఆదివారం రాత్రి 8 అంటే న్యూయార్క్‌లో చలికాలం ఉదయం 9:30, మార్చి రెండో ఆదివారం నుంచి 10:30. న్యూయార్క్ టైమ్‌తో 9:30 అని పెడితే వేసవంతా అక్కడ 7 గంటలకే ఫోన్ మోగుతుంది.

వెతుకులాటలో మనకొక ప్రత్యేకమైన చిక్కు. తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక్కోసారి ఒక్కోలా రాస్తాం, యాప్‌కి అవన్నీ వేరువేరు మాటలు. లోపల ఎలా రాసుకున్నా శీర్షికలో మాత్రం కాగితం మీద అచ్చయిన పేరే ఉండాలి. పాస్‌వర్డ్‌లు, సోషల్ సెక్యూరిటీ నంబర్ మామూలు నోట్స్‌లో వద్దు, వాటికి పాస్‌వర్డ్ మేనేజర్ ఉంది. వన్‌నోట్ సెక్షన్‌కి తాళం వేసి పాస్‌వర్డ్ మరిచిపోతే మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు.

చివరగా, రిమైండర్ అసలు మోగుతుందో లేదో చూసుకున్నారా? ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు యాప్ ముందు అనుమతి అడుగుతుంది. తొందరలో ‘వద్దు’ నొక్కితే ఇక చప్పుడుండదు. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా చేస్తున్నామంటూ యాప్‌ని నిద్రపుచ్చుతాయి, దాన్ని సెట్టింగ్స్‌లో ఆపాలి. ఇప్పుడే 2 నిమిషాల తర్వాతకి ఒక టాస్క్ పెట్టి, ఫోన్ లాక్ చేసి పక్కన పెట్టి చూడండి.