మొదటి ఏడాది లా చదువుతున్న మేనకోడలికి

బరంపురం

తల్లీ,

నీ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి అదే ఆలోచిస్తున్నాను. సెక్షన్లు గుర్తుండటం లేదని, పరీక్షలంటే టెన్షన్‌గా ఉందని అన్నావు. బట్టీ సంగతి పరీక్షల ముందు చూసుకోవచ్చు. ఇప్పుడు నీకు కావలసిన అలవాటు వేరు. రోజూ కళ్ల ముందు కనిపించేవాటిలో ఏదో ఒకటి పట్టుకుని, ఇది ఇలా ఎందుకుందని అడుగు. ఆంధ్రలోని ఇచ్ఛాపురం బళ్లు సరిహద్దు దాటి మన ఒడిశాలోని గిరిసోల వైపు వచ్చి పెట్రోలు కొట్టించుకుని వెళ్లడం చూశావు కదా. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినా పెట్రోలు మీద అమలు చేయలేదు. అందుకే దాని మీద అమ్మకపు పన్ను, అదే వ్యాట్, ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. అలాంటివి నీకు నువ్వే వెతుక్కోగలవు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఇంకొకటి ఉంది. నేను పాఠాలు చెప్పే రోజుల్లో, 2005కి ముందు, ఒక అమ్మాయి క్లాసు అయ్యాక ఆగింది. "మా పెద్దమ్మ కూతురికి ఇచ్ఛాపురంలో అన్నలతో సమానంగా వాటా వచ్చింది సార్, నాకెందుకు రాదు?" అంది. నేను హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 6 అప్పజెప్పాను. ఆ పిల్ల తలూపి వెళ్లిపోయింది. ఆమె అడిగింది సెక్షన్ నంబరు కాదని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఆంధ్రలో 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చారు. మన ఒడిశాలో ఆ సవరణ లేదు. ఇక్కడ కూతురికి తండ్రి వాటాలోంచి కొంత భాగమే. అన్నదమ్ములతో సమానమైన హక్కు రావడానికి కేంద్రం 2005 సెప్టెంబరు 9న సవరణ అమలు చేసేదాకా ఆగాల్సి వచ్చింది. కూతవేటు దూరంలో ఇరవై ఏళ్ల తేడా! వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ కూడా చట్టం చేయగలిగేది కాబట్టి రాష్ట్రాలు సవరించుకోవచ్చు. పక్క రాష్ట్రం ఆ పని చేసింది, మనది చేయలేదు. ఎందుకు చేయలేదో ఆ రోజు ఆ పిల్లతో కూర్చుని మాట్లాడి ఉండాల్సింది. నీ దగ్గరికి ఎవరైనా ఇలాంటి ప్రశ్నతో వస్తే ముందు కూర్చోబెట్టి అంతా విను. సెక్షన్ తర్వాత చెప్పొచ్చు.

చట్టంలోని అసలు మాటలే చదువు, గైడులో రాసినవి కాదు. తెలుగులో అర్జీ పెట్టుకోవచ్చా అని మన వీధిలో ఇప్పటికీ అడుగుతుంటారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, కష్టం చెప్పుకోవడానికి కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడే ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వొచ్చు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6 మాత్రం ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాష అంటుంది. మనకు ఒడియా అన్నమాట. పింఛను రాలేదని తెలుగులో మొరపెట్టుకోవచ్చట, ఎందుకు రాలేదో ఫైలు చూపించమని రాసి అడగాలంటే తెలుగు పనికిరాదట. ఇది నాకు న్యాయంగా అనిపించదు. కానీ అదే సెక్షన్ కిందికి చదువు. రాతలో ఇవ్వలేనివాళ్లు నోటితో చెబితే, రాసుకోవడానికి అధికారి సాయం చేయాలని ఉంది. సగంలో ఆపేసినవాళ్లకు ఆ దారి కనపడదు.

ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దులోని కొటియా గ్రామాల గురించి ఎవరైనా గట్టిగా వాదిస్తుంటే వెంటనే ఒక పక్షం చేరకు. ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2006లో ఆ దావా కొట్టేశారు. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నవాళ్లు అక్కడ ఉన్నారు. ఏ కార్డు ఎందుకు పనికొస్తుందో వాళ్లనే అడగాలి.

దసరాకు వచ్చినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె దింపుదాం. అందులో మా తాతగారి దస్తావేజు ఉంది. తెలుగులో రాసిందే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడకముందుది, గంజాం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ తర్వాతి కాగితాల్లో ఏ ఏడాది నుంచి భాష మారిందో నువ్వే చూసి చెప్పాలి. ఆ గొలుసుకట్టు రాత నా కళ్లకు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మావయ్య