టెక్సాస్‌లో ఉన్న తమ్ముడి రీలోడింగ్ ప్రెస్‌కి రాయగడలో పార్టులు చేయించి పంపొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: తమ్ముడు టెక్సాస్‌లో ఖాళీ తూటాలు మళ్లీ నింపుకునే ప్రెస్ కొన్నాడు, పేలిన ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్లలు) గరాజ్ నేలంతా దొర్లుతున్నాయి, ఒడిశా రాయగడలో లేత్ మీద వాటిని పట్టే ఒక అటాచ్‌మెంట్ చేయించి సూట్‌కేసులో పంపితే ఎలా ఉంటుంది, ఇంకా ఇంట్లో ఏం మార్చుకోవచ్చు?

లేత్ షాపు గడప తొక్కకండి. మన మేస్త్రీలు పేపరు మిల్లు షాఫ్టులు, రైస్ మిల్లు పుల్లీలు కళ్లు మూసుకుని తిప్పేస్తారు, నిజమే. కానీ 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2 చదవండి. అందులో మందుగుండు అంటే తూటా ఒక్కటే కాదు; దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా ఆ మాట కిందే ఉన్నాయి. సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు. ఈ సరిహద్దు జిల్లాల్లో ఇలాంటి ఆర్డరు తీసుకున్న మేస్త్రికి రేపు ఎవరు సమాధానం చెప్తారు? "ఎవడికి తెలుస్తుందిలే" అనే మాట మనవాళ్ల నోట ఇంత తేలిగ్గా ఎందుకొస్తుందో అర్థం కాదు.

పైగా ఆ పనికి లేతే అక్కర్లేదు. అతని దగ్గర హార్డ్‌వేర్ షాపులో దొరికే పారదర్శక పీవీసీ ట్యూబు, ఒక ఖాళీ కూల్ డ్రింక్ సీసా చాలు.

ముందు ప్రెస్ ఏ రకమో చూడమనండి. కొన్నిట్లో ర్యామ్, అంటే తూటాని పైకి నెట్టే కడ్డీ, నిలువునా బోలుగా ఉంటుంది, ప్రైమరు దానిలోంచి కిందికి జారుతుంది. పాత రకాల్లో ర్యామ్ పక్కనున్న గాడిలోంచి బయటికి ఎగిరి, ముందున్న చిన్న ట్రేలో పడాలి. సగం ట్రేలో, సగం నేల మీద. ట్యూబు పద్ధతి మొదటి రకానికే. రెండో రకానికి ట్రే అంచుల్ని పలచటి ప్లాస్టిక్ షీటుతో రెండు అంగుళాలు ఎత్తు చేసి, ప్రెస్‌కి తగిలే చోట ఖాళీ లేకుండా టేపు వేయాలి.

ట్యూబు లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. పెద్ద ప్రైమరు 5.3 మిల్లీమీటర్లు, చిన్నది 4.4. సన్నటి ట్యూబు వేస్తే ప్రైమర్లు ఒకదానికొకటి అడ్డుపడి ఇరుక్కుంటాయి, వెనకొచ్చేవి వాటి మీద పేరుకుంటాయి. అది తెలిసేది ర్యామ్ లోపల నిండాకే. ర్యామ్ అడుగుకి తగిలించిన ట్యూబు దాంతో పాటే పైకీ కిందికీ కదులుతుంది, స్ట్రోకు దాదాపు నాలుగు అంగుళాలు. అందుకని ర్యామ్ పైనున్నప్పుడు కొలిచి కోయాలి. పొట్టిదైతే ఊడిపోతుంది, మరీ పొడుగైతే ర్యామ్ దిగినప్పుడు కింద వంపు తిరిగి ఆ వంపులోనే ప్రైమర్లు ఆగిపోతాయి. దీనికి మందు, సీసాని కట్టేయకుండా బల్ల కింద వేలాడదీయడం. సీసా మూతకి ట్యూబు పట్టేంత రంధ్రం, పక్కన గాలి పోవడానికి ఇంకో చిన్న రంధ్రం.

ఆ సీసాలోకి పేలినవే వెళ్లాలి. పేలని ప్రైమరుని కేసులోంచి, అంటే తూటా ఇత్తడి గొట్టంలోంచి, తీయాల్సొస్తే సీసా విప్పేసి, కళ్లద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా తీసి విడిగా పెట్టాలి. సీసాలో అడుగున కనిపించే నల్లటి పొడిలో సీసం ఉంటుంది. వ్యాక్యూమ్ క్లీనరు పెడితే గదంతా చల్లినట్టే. తడిగుడ్డతో తుడవడం, తర్వాత చేతులు సబ్బుతో కడగడం. అదే పొడి ర్యామ్ మీద పడితే నూనెతో కలిసి గరుకుగా మారి ర్యామ్‌ని గీస్తుంది కూడా.

ఇక బల్ల. ప్రెస్ వణుకుతోందని హ్యాండిల్‌కి పైపు తొడిగి పొడుగు చేసే మహానుభావులున్నారు. పొడుగు హ్యాండిల్‌తో, దాన్ని ర్యామ్‌కి కలిపే లింకు పిన్నుల మీద భారం పెరుగుతుంది, ప్రైమరు కూర్చున్నదీ లేనిదీ చేతికి తెలియదు. వణికేది ప్రెస్ కాదు, బల్ల. రెండు ప్లై షీట్లు అంటించి 36 మిల్లీమీటర్ల మందం చేసి, కింద ఆరు మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు పెట్టి, బోల్టులు పైనుంచి కిందిదాకా దూర్చి బిగించాలి. చెక్క స్క్రూలు నెల తిరక్కుండా లేచొస్తాయి. అమెరికా ఇళ్లల్లో గోడ లోపల సాధారణంగా 16 అంగుళాలకో నిలువు చెక్క ఉంటుంది, బల్ల వెనక అంచుని దానికే కట్టాలి. ఉత్త జిప్సమ్ బోర్డుకి కడితే బోర్డే ఊడుతుంది.

ప్రెస్ పైకప్పు కింద 12 వోల్టుల ఎల్‌ఈడీ ముక్క అంటించుకోమనండి. అన్నిట్లోకీ విలువైన మార్పు ఇదే అంటాను, ఎవరేమన్నా సరే. కేసులో తుపాకీ మందు ఎంత ఎత్తుందో కంటికి కనిపించాలి. రెండుసార్లు పోసిన కేసు తుపాకీని పగలగొడుతుంది. అంటించే ముందు నూనె జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే టేపు రెండ్రోజుల్లో ఊడి మందు పళ్లెంలో పడుతుంది.

మందు కొలిచే డబ్బా, ప్రైమర్లు పేర్చే గొట్టం, ఈ రెంటినీ ముట్టుకోవద్దు. యూట్యూబ్‌లో డబ్బాకి అక్వేరియం పంపు కట్టి వణికిస్తారు. ఆ వణుకుకి మందు ఒకసారి ఒత్తుగా, ఒకసారి వదులుగా పడుతుంది, బిగించిన సెట్టింగూ జరుగుతుంది. గొట్టంలో ఒక ప్రైమరు పేలితే మిగతావన్నీ దాంతోపాటే లేస్తాయి, కంపెనీ దాని చుట్టూ ఇనుప కవచం పెట్టింది అందుకే. త్రీడీ ప్రింటులో పీఎల్‌ఏ ప్లాస్టిక్ గొట్టం దించుకుంటానంటే ఒప్పుకోకండి. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, స్టాటిక్ కరెంటు కూడా పట్టుకుంటుంది.

మందు తూచే త్రాసు మీద మాత్రం ఒక పాత అక్రిలిక్ పెట్టె బోర్లించమనండి. మందుని తూచే కొలత గ్రెయిన్. అందులో పదో వంతు అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. ఏసీ గాలి తగిలినా ముల్లు ఆ మాత్రం కదులుతుంది.