పదాలు రెండు వేలు, మార్కులు మూడు

ప్రశ్న: డిగ్రీ పూర్తయింది. ఉద్యోగానికీ పై చదువుకీ పనికొస్తుందని కేంబ్రిడ్జ్ వారి సీ1 అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. ఏడాదిగా కష్టమైన ఇంగ్లిష్ పదాల జాబితా ఒకటి దగ్గర పెట్టుకొని రెండు వేలకు పైగా పదాలు, అర్థాలు బట్టీ పట్టాను. అయినా మాదిరి పేపర్లలో ఇచ్చిన పదాన్ని ఖాళీకి తగ్గ రూపంలోకి మార్చి రాసే వర్డ్ ఫార్మేషన్ దగ్గర ఎనిమిదికి మూడు మార్కులు దాటడం లేదు. ఇంటర్వ్యూల్లో ఆ పదాలు నోటికి రావు. పరీక్ష నాలుగు నెలల్లో ఉంది. ఎలా ప్రాక్టీస్ చేయాలి? లేదంటే వాయిదా వేసుకోవాలా?

జవాబు: రెండు వేల పదాలు కంఠస్థం చేసిన మీ ఓపికకు ముందుగా ఒక దండం. ఆ ఓపిక ఇక ముందూ కావాలి, దాన్ని ఖర్చు పెట్టే చోటు మాత్రం మారాలి. మీరు ఒక్కో పదాన్నీ పక్కన అర్థం రాసుకొని ఒంటరిగా నేర్చుకున్నారు. పరీక్షలో మాత్రం ఒక పదం ఇచ్చి, దాని చుట్టాల్లో ఈ వాక్యంలో కూర్చోదగిన వాళ్లెవరో చెప్పమంటారు. చుట్టాల్ని ఎప్పుడూ చూడనివాళ్లకు ఆ ప్రశ్న కష్టమే.

ఈ జాబితాల అలవాటు ఎక్కడిదో ఒక మాట చెప్పాలి. 2011 ఆగస్టుకు ముందు జీఆర్ఈలో వ్యతిరేక పదాలు, పదాల జంటల మధ్య పోలికలు విడిగా అడిగేవారు. వాక్యం లేకుండా పదం మాత్రమే కనబడేది కాబట్టి అప్పట్లో బట్టీకి కొంత ఫలితం దక్కేది. ఆ ప్రశ్నలు తీసేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అక్కడా వాక్యంలోని ఖాళీలే పూరించాలి. జాబితాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇక మీ పరీక్ష సంగతి. రీడింగ్ అండ్ యూజ్ ఆఫ్ ఇంగ్లిష్ పేపర్‌కు 90 నిమిషాలు, 8 భాగాలు, 56 ప్రశ్నలు. మూడో భాగం వర్డ్ ఫార్మేషన్. చిన్న పేరాలో ఎనిమిది ఖాళీలు, ప్రతి ఖాళీకి ఒక మూలపదం, ఒక మార్కు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆ మార్కు పోయినట్టే. ఎక్కువమంది పొరపాటు పడే చోటు చూపించడానికి నేనే ఒక వాక్యం తయారు చేస్తాను.

'ద కమిటీ వాజ్ పజుల్డ్ బై హిజ్ ____ టు హెల్ప్, సిన్స్ హీ హ్యాడ్ నెవర్ రిఫ్యూజ్డ్ బిఫోర్.' ఇచ్చిన మూలపదం 'విల్లింగ్'.

చాలామంది 'విల్లింగ్‌నెస్' అని రాసి ముందుకు వెళ్లిపోతారు. 'హిజ్' తర్వాత నామవాచకం రావాలని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ వాక్యం చివరిదాకా చదవలేదు. ఇంతకు ముందు ఎప్పుడూ కాదనని మనిషి సాయానికి ఒప్పుకుంటే కమిటీ తికమకపడటం ఎందుకు? ఈసారి ఒప్పుకోలేదు, అందుకే తికమక. జవాబు 'అన్‌విల్లింగ్‌నెస్'. ముందొకటి, వెనకొకటి, రెండు వైపులా అతుకు పడింది. సీ1 స్థాయిలో ఇలాంటివి మామూలే.

కాబట్టి ఖాళీ కనబడగానే మూలపదం వైపు చూడకండి. దాన్ని వేలితో మూసేసి వాక్యం చదవండి. ముందు 'ద', వెనక 'ఆఫ్' ఉంటే అది నామవాచకం కూర్చునే సీటు. వెనక విశేషణం ఉండి, వాక్యానికి ఇంకేమీ లోటు లేకపోతే అది చాలావరకు క్రియావిశేషణం సీటు. సీటు తేలాక, అర్థం మంచివైపా, వ్యతిరేకం వైపా చూడండి. నామవాచకమైతే ఏకవచనమా, బహువచనమా అన్నదీ చూడాలి. ఇవన్నీ అయ్యాక వేలు తీయండి. మొదట్లో నిదానమే అవుతుంది, వారం పది రోజుల్లో చెయ్యి దానంతటదే తిరుగుతుంది.

ఇప్పుడు అతుకుల విషయం. ఇక్కడ తెలుగు చదువుకున్నవాళ్లకు ఒక సొంత ఆస్తి ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. హారం అనే మాట ముందు ఉపసర్గ మారితే ఆహారం, విహారం, సంహారం, పరిహారం అవుతాయని బళ్లోనే చదివాం. తినేది, తిరిగేది, చంపేది, నష్టానికి చెల్లించేది, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇంగ్లిష్‌లో 'స్పెక్ట్' అలాంటిదే. లాటిన్‌లో చూడటం అని అర్థం. లోపలికి చూస్తే 'ఇన్‌స్పెక్ట్', ముందుకు చూస్తే 'ప్రాస్పెక్ట్', వెనక్కి తిరిగి చూస్తే 'రెస్పెక్ట్', కింది నుంచి చూస్తే 'సస్పెక్ట్'. అనుమానపడేవాడి చూపు ఎలా ఉంటుందో తలచుకుంటే ఈ చివరిది ఇక మరవలేరు.

వ్యతిరేకానికి 'ఇన్' ఎప్పుడు 'ఇమ్' అవుతుంది, ఎప్పుడు 'ఇల్' అవుతుంది అని విద్యార్థులు టెన్షన్ పడుతుంటారు. ఇది సంధి లాంటిదే. ఉత్, లేఖనం కలిస్తే ఉల్లేఖనం అయినట్టు, 'ఇన్', 'లీగల్' కలిస్తే 'ఇల్లీగల్'. 'రెగ్యులర్' ముందు 'ఇర్', 'పాసిబుల్' ముందు 'ఇమ్'. మన సున్నా సంపదలో మకారంగా, సంతోషంలో నకారంగా పలకడం లేదూ, ఇదీ అలాగే. నోటికి సులువైన దారి ఏదో భాష దాన్నే పట్టుకుంటుంది. ఇల్లీగల్‌కి రెండు 'ఎల్'లు ఎందుకో, ఇర్రెగ్యులర్‌కి రెండు 'ఆర్'లు ఎందుకో ఇప్పుడు వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 'అన్' మాత్రం ఇలా మారదు. 'అన్‌లాక్' అన్‌లాకే, 'అన్‌పాపులర్' అన్‌పాపులరే.

ఇంకొకటి. మంచితనం అంటాం, మంచిత్వం అనం. మూర్ఖత్వం అంటాం. అచ్చ తెలుగు మాటకు 'తనం', సంస్కృతం మాటకు ఎక్కువగా 'త్వం' లేదా 'త'. ఇంగ్లిష్‌లో 'నెస్', 'ఇటీ' దాదాపు అలాగే పంచుకున్నాయి. పాత ఇంగ్లిష్ మాట 'కైండ్'కి 'నెస్', లాటిన్ నుంచి వచ్చిన 'పాపులర్'కి 'ఇటీ'. ఇది నూటికి నూరుపాళ్లు నిలవదు. 'సీరియస్' లాటిన్ మూలం ఉన్నదే అయినా 'సీరియస్‌నెస్' అవుతుంది. కానీ ఏమీ తోచనప్పుడు పనికొచ్చే ఊహ. ఇక 'ఇన్‌వాల్యుబుల్' అంటే విలువ లేనిది అని రాసేవాళ్లు ఏటా కనిపిస్తారు. వాళ్లకు నేను ఒకటే మాట గుర్తు చేస్తాను: అమూల్యం. మూల్యం లేనిదా? మూల్యం కట్టలేనిది.

సూత్రాలకు లొంగని మాటలూ ఉన్నాయి. 'పూర్' నుంచి 'పావర్టీ', 'స్ట్రాంగ్' నుంచి 'స్ట్రెంత్', 'ప్రూవ్' నుంచి 'ప్రూఫ్', 'చూజ్' నుంచి 'చాయిస్'. 'ప్రొనౌన్స్'లోని 'ఓ యూ' రెండింట్లో 'ఓ' జారిపోయి 'ప్రొనన్సియేషన్' అవుతుంది. 'ఎక్స్‌ప్లెయిన్'లోని 'ఐ' కూడా 'ఎక్స్‌ప్లనేషన్'లో ఉండదు. 'మెయింటెయిన్' చివర ఉన్న 'ఏ ఐ', 'మెయింటెనెన్స్'లో 'ఈ' అయిపోతుంది. వీటికి మాత్రం బట్టీయే మందు. మీ ఓపికను ఇక్కడ వాడండి, చూసి కాకుండా చేత్తో రాస్తూ.

అసలు ప్రాక్టీస్‌కి వద్దాం. మాదిరి పేపర్లు నాలుగో ఐదో ఉంటాయి, తొందరగా అయిపోతాయి. అయిపోనిది మీరే తయారు చేసుకునే పేపర్. మంచి ఇంగ్లిష్ పత్రికలో సంపాదకీయమో, సైన్స్ వ్యాసమో తీసుకొని ఒక పేరా నోట్‌బుక్‌లో రాసుకోండి. అందులో అతుకులు ఉన్న మాటలు ఎనిమిది ఎంచండి. ప్రతిదాన్నీ మూలానికి దింపండి. 'అన్‌ప్రిడిక్టబుల్' ఉంటే 'ప్రిడిక్ట్' దాకా, 'రిలయబిలిటీ' ఉంటే 'రిలై' దాకా. పేరాలో ఆ చోటు ఖాళీ వదిలి, పక్కన మూలం రాసి, నాలుగు రోజులు దాని జోలికి వెళ్లకండి. తర్వాత తీసి పూరించండి. అసలు వ్యాసమే జవాబుల పేపర్.

దీంట్లో గమ్మత్తు ఏమిటంటే, పూరించడం కంటే మూలానికి దింపడంలోనే ఎక్కువ నేర్చుకుంటారు. విప్పడం వచ్చినవాళ్లకు బిగించడం కష్టం కాదు. చదువుకునే స్నేహితులు ఇంకెవరైనా ఉంటే పేపర్లు మార్చుకోండి. అవతలివాళ్లను తికమకపెట్టాలనే పట్టుదలతో మీరు ఎంచే ఎనిమిది మాటలు ఏ గైడ్‌లోనూ దొరకవు.

ఏ పదాలు ముందు? మీ జాబితాను అటకెక్కించండి. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఏవరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు అకడమిక్ వర్డ్ లిస్ట్ ప్రకటించారు. దాదాపు 35 లక్షల పదాల విద్యా సంబంధ పాఠాలను జల్లెడపట్టి, అన్ని సబ్జెక్టుల్లోనూ తిరిగి తిరిగి వచ్చేవాటిని తీశారు. అందులో 570 ఉన్నాయి, ఒక్కొక్కటీ ఒక కుటుంబం. వాడుక ఎక్కువగా ఉన్నవి ముందు వచ్చేలా పది భాగాలు చేశారు, మొదటి తొమ్మిదింటిలో 60 చొప్పున, చివరిదాంట్లో 30. నాలుగు నెలల్లో 570 మీద పడొద్దు. మొదటి రెండు భాగాలు, అంటే 120 కుటుంబాలు గట్టిగా పట్టండి.

ఒక కుటుంబం రాసేటప్పుడు క్రియ, పని పేరు, మనిషి పేరు, విశేషణం, వ్యతిరేకం అని గళ్లు గీసుకోండి. ప్రతి గడీ నిండాలని పట్టుబట్టకండి. 'ఉండాలి కదా' అనుకొని మీరు పుట్టించే మాటను డిక్షనరీలో చూడకుండా రాయొద్దు. ఖాళీ గడి కూడా ఒక సమాచారమే. పక్కన ఆ పదం ఎవరితో కలిసి తిరుగుతుందో కూడా రాయండి. మనకు చిమ్మచీకటి ఉంది, కటిక చీకటీ ఉంది. కటిక పేదరికం ఉంది, చిమ్మ పేదరికం లేదు. ఎందుకంటే చెప్పలేం, అనరు అంతే. ఇంగ్లిష్‌లోనూ వాన 'హెవీ' అవుతుంది కానీ 'స్ట్రాంగ్' కాదు, గాలి 'స్ట్రాంగ్' అవుతుంది.

మరుపు గురించి బెంగ వద్దు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే లెక్క కట్టి 1885లో ప్రచురించాడు. నేర్చిన కొత్తలోనే ఎక్కువ జారిపోతుంది, ఆ తర్వాత జారే వేగం తగ్గుతుంది. అందుకని మర్నాడు ఒకసారి, నాలుగో రోజు ఒకసారి, పది రోజులకు ఒకసారి, నెలకు ఒకసారి చూడండి. ఆంకీ లాంటి యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది, అట్టముక్కలైనా సరే. ముందువైపు పదం, వెనకవైపు అర్థం పెట్టకండి, మళ్లీ పాత దారే అవుతుంది. ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం, మూలపదం. వెనకవైపు జవాబు, స్పెల్లింగ్‌తో.

ఇంటర్వ్యూలో నోటికి రాకపోవడానికి కారణం వేరు. ఆ పదాలను మీరు కళ్లతో చదివారు, నోటితో ఎప్పుడూ అనలేదు. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక చోట నొక్కాలి, పైగా కుటుంబంలో మనిషి మారితే నొక్కు జరుగుతుంది. 'ఫోటోగ్రాఫ్'లో మొదట, 'ఫొటోగ్రఫీ'లో రెండో చోట, 'ఫోటోగ్రాఫిక్'లో మూడో చోట. 'అనలైజ్', 'అనాలిసిస్', 'అనలిటికల్' కూడా ఇదే తీరు. గళ్లు నింపిన ప్రతి కుటుంబాన్నీ ఆన్‌లైన్ డిక్షనరీలో విని, పైకి అనండి. రోజూ ఒక కుటుంబంలోంచి రెండు మాటలు తీసుకొని మీ చదువు గురించో, మీరు చేసిన ప్రాజెక్ట్ గురించో రెండు వాక్యాలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వినడానికి సిగ్గేస్తుంది. అందరికీ వేస్తుంది.

ఉద్యోగం వైపు నుంచి ఒక హెచ్చరిక. నా దగ్గరకొచ్చే రెజ్యూమేల్లో తాను 'ఇండస్ట్రియల్' వ్యక్తినని రాసుకున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తగిలారు. వాళ్ల ఉద్దేశం కష్టపడే మనిషినని, అంటే 'ఇండస్ట్రియస్'. రాసింది మాత్రం పరిశ్రమలకు సంబంధించినవాడినని. ఎదుటివాళ్ల గురించి ఆలోచించే మనిషినని 'కన్సిడరేట్' అనబోయి, చెప్పుకోదగ్గంత అనే అర్థమున్న 'కన్సిడరబుల్' అన్నవాళ్లూ ఉన్నారు. పెద్ద పదం రానందుకు ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను నేను చూడలేదు. తెలియని పదం పెట్టి నవ్వులపాలైనవాళ్లను చూశాను. మీ రెజ్యూమేలో వాక్యంలో పెట్టి పది సార్లయినా వాడని పదం ఒక్కటి కూడా ఉండకూడదు.

వాయిదా విషయం ఇప్పుడే తేల్చుకోవద్దు. ఈ వారం పాత మాదిరి పేపర్లు బయటికి తీసి, తప్పిన ప్రతి జవాబు పక్కన ఎందుకు తప్పిందో రాయండి: సీటు తప్పిందా, వ్యతిరేకం చూడలేదా, స్పెల్లింగా, అసలు ఆ రూపమే తెలియదా. మొదటి రెండే ఎక్కువగా ఉంటే నాలుగు నెలలు చాలా ఎక్కువ, నెలన్నరలో ఆరు మార్కులకు చేరవచ్చు. చివరిదే ఎక్కువైతే ఆరు వారాలు పైన చెప్పినట్టు చేసి, మీరు ఇంతవరకు ముట్టుకోని పేపర్ ఒకటి 90 నిమిషాలు గడియారం పెట్టుకొని పూర్తిగా రాయండి. వర్డ్ ఫార్మేషన్‌లో అప్పటికీ నాలుగు దాటకపోతే, మిగతా ఏడు భాగాల్లో ఎలా ఉన్నారో చూడండి. అవి బాగుంటే ఈ ఎనిమిది మార్కుల కోసం పరీక్ష వాయిదా వేయనక్కర్లేదు. అవీ తగ్గితే తర్వాతి తేదీకి మార్చుకోండి. తేదీ మార్చుకోవడానికి గడువు ఎప్పటివరకో మీరు పేరిచ్చిన సెంటర్‌ను ఈ వారమే అడిగి పెట్టుకోండి.