తెల్లబోర్డు బండి, శనివారం బాడుగ

ప్రశ్న: తిరుపతి లీలామహల్ దగ్గర నా పేరు మీదే చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ నడుపుతున్నాను. ఇద్దరు ఇంజనీర్లు, ఒక డ్రైవర్ ఉన్నారు. నా నాలుగేళ్ల కారులోనే శ్రీసిటీ, ఏర్పేడు సైట్లకు తిరుగుతాం. శని, ఆదివారాల్లో ఖాళీగా ఉంటుందని తెలిసిన ట్రావెల్స్‌ వాళ్లకు ఇస్తున్నాను. యాత్రికులను తిప్పితే రోజుకు 3,000 వస్తుంది. ఖర్చు తగ్గించుకుందామని ఈసారి ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి పనికొచ్చే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే కట్టాను. ఇంట్లో బంగారం కుదువపెట్టి రెండో కారు కొనాలనుకుంటున్నాను. గోల్డ్ లోన్ మేలా, బ్యాంకు కార్ లోన్ మేలా?

జవాబు: మీరు వడ్డీ సంగతి అడిగారు, నా కన్ను మాత్రం శనివారం బాడుగ మీదే ఆగిపోయింది. కన్సల్టెంట్లు, ఆడిటర్లు చాలామంది చేస్తున్న పొరపాటే ఇది.

మీ సైట్లకు మీ కారులో వెళ్లడంలో తప్పు లేదు. ప్రైవేటు కారు పాలసీ సొంత వృత్తి పనికి వర్తిస్తుంది, దానికి పసుపు బోర్డు అక్కర్లేదు. డబ్బు తీసుకుని బయటివాళ్లను ఎక్కించుకుంటేనే చిక్కు. బాడుగకు వాడితే చెల్లదని పాలసీ కాగితంలోనే ఉంటుంది.

ఎవరికి తెలుస్తుందిలే అంటారేమో. నా దగ్గరికొచ్చిన ఒకాయన కూడా అలాగే అనుకున్నాడు. చంద్రగిరి దాటాక బండి లారీకి తగిలింది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున విచారణకు వచ్చినాయన వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడను "కారు మీ బంధువులదా అమ్మా?" అని అడిగాడు. "లేదు నాయనా, కాళహస్తితో కలిపి మూడున్నర వేలకు మాట్లాడుకున్నాం" అని ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. రిపేరు బిల్లంతా ఆయన నెత్తినే పడింది. మీకు ఆ బెంగ కూడా లేదు లెండి, థర్డ్ పార్టీతో సరిపెట్టారు కాబట్టి సొంత బండికి అసలు క్లెయిమే ఉండదు!

బండి పోతే పోయింది, మనిషికి ఏమైనా అయితే? థర్డ్ పార్టీలో మరణానికి, గాయాలకు పరిమితి లేదు, ఆస్తి నష్టానికి 7.5 లక్షల వరకు ఉంటుంది. అయితే బాడుగకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే, కంపెనీ బాధితులకు కట్టి ఆ సొమ్ము మీ దగ్గర రాబట్టుకోమని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చెప్పవచ్చు. ఆఫీసు మీ సొంత పేరు మీదే ఉంది. అంటే ఆ బాకీ మీ ఇంటిదాకా వస్తుంది. రోజుకు 3,000 కోసమా ఇది?

ఇంకోటి. ఓనర్‌కిచ్చే 15 లక్షల ప్రమాద కవర్ మీ ఒక్కరికే. డ్రైవర్‌కు, మీ ఇంజనీర్లకు కవర్ విడిగా అడిగి చేర్పించుకోవాలి. మనిషికి వంద రూపాయలు కూడా కాదు, అయినా ఎవరూ అడగరు. మీ బండికి జరిగే నష్టానికి సొంత డ్యామేజీ పాలసీ విడిగా దొరుకుతుంది. బండి చూసి ఇస్తారు, రేపే చూపించండి. పాత పాలసీ ముగిసి 90 రోజులు దాటితే, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, కూడా పోతుంది, తేదీ చూసుకోండి.

ఇక బంగారం. దిగజారుతూ పోయే ఇనుము కోసం ఇంటావిడ నగలు తాకట్టా? క్లయింట్ బిల్లు రెండు నెలలు ఆగితే జీతాలకు ఆ నగలే దిక్కు. ముందు ఆరు నెలల జీతాలు, ఆఫీసు అద్దె బ్యాంకులో పక్కన పెట్టుకోండి. రెండో కారు తర్వాత చూద్దాం, అప్పుడైనా బ్యాంకు లోనే. అందాకా రెండో సైటుకు ట్యాక్సీ పిలుచుకోండి. బాడుగ వ్యాపారమే చేయాలనుంటే పసుపు బోర్డు, పర్మిట్, కమర్షియల్ పాలసీతో చేయండి.

ఈ శనివారం బండి ఇవ్వనని ట్రావెల్స్ ఆయనకు ఇవాళే ఫోన్ చేయండి.