అరవై ఒక్క ‘ఒక’లు

అమ్మాయ్,

అపాచీలనే అమెరికా ఆదివాసుల విద్యలు నేర్పే న్యూజెర్సీ అడవి కోర్సుకి వెళ్ళొచ్చి నువ్వు రాసిన వ్యాసం మంగళవారం అందింది. ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్నుతో కూర్చున్నాను, పాత ప్రూఫ్‌రీడరు బుద్ధి ఎక్కడికి పోతుంది? పన్నెండు పేజీల్లో 61 సార్లు ‘ఒక’ వచ్చింది. నమ్మకం కలగక రెండోసారి కూడా లెక్కపెట్టాను. “ఒక అడవిలో, ఒక చలి రాత్రి, ఒక వృద్ధ అపాచీ నుంచి సంక్రమించిన ఒక ప్రాచీన విద్యను ఒక గురువు మాకు బోధించారు.” ఆ వాక్యంలోనే ఐదు!

తెలుగులో లెక్క చెప్పాల్సి వస్తే తప్ప ఆ మాటతో పెద్దగా పనుండదు. “పిల్లి వచ్చింది” అంటాం. “ఒక పిల్లి వచ్చింది” అన్నామంటే బుర్రలో ఇంగ్లీషు తిరుగుతున్నట్టు లెక్క. అనగనగా ఒక రాజు అనలేదా మాస్టారూ అంటావేమో. ఆ రాజు పేరుతో కథకి పని లేదు కాబట్టి అలా అన్నారు. నువ్వు రాసినవాళ్ళకి పేర్లున్నాయి తల్లీ. నువ్వు కనుక్కోలేదు, అంతే.

‘ఒక అంతరించిన తెగ’ అన్నావు. ఎవరు అంతరించారు? అరిజోనాలో వైట్ మౌంటెన్, శాన్ కార్లోస్ అపాచీలున్నారు. న్యూమెక్సికోలో మెస్కలేరో, హికరియా వాళ్ళున్నారు. వైట్ మౌంటెన్ వాళ్ళయితే మంచు మీద జారే స్కీ రిసార్టు కూడా నడుపుకుంటున్నారు. అసలు అపాచీ అన్నది బయటివాళ్ళు తగిలించిన పేరు. పశ్చిమ అపాచీలు తమని ఎన్‌డే అని చెప్పుకుంటారు, మనుషులు అని అర్థం. నల్లమలలో అటవీశాఖ కింద పులుల జాడలు చూసే చెంచుల గురించి ఎవడైనా “ఒక అంతరించిన అడవి తెగ” అని రాస్తే నీకు ఒళ్ళు మండదూ?

ఇక స్కౌట్లు, అంటే సైన్యానికి ముందు నడిచి జాడ తీసిన అపాచీలు. నీ వ్యాసంలో వాళ్ళు నీడల్లా తిరిగే యోగులు. 1866లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి సైన్యంలోకి తీసుకున్న జీతగాళ్ళమ్మా వాళ్ళు. అపాచీల జాడ అపాచీలే తీయగలరని జనరల్ క్రూక్ గట్టి నమ్మకం. 1886లో మెక్సికో కొండల్లో అమెరికా సైన్యానికి దొరక్కుండా తిరుగుతున్న చిరికావా అపాచీ యోధుడు జెరోనిమో దగ్గరికి లెఫ్టినెంట్ గేట్‌వుడ్‌ని తీసుకెళ్ళింది కయితా, మార్టీన్ అనే ఇద్దరు స్కౌట్లు. (జెరోనిమో అసలు పేరు గొయాక్లా. ఆవులించేవాడు అని అర్థం చెబుతారు. ఆ పేరు వినగానే మనిషి మన అరుగు మీదకొచ్చి కూర్చోలేదూ!) ఆ సెప్టెంబరులో జెరోనిమో లొంగిపోయాడు. చిరికావా అపాచీలను రైళ్ళెక్కించి ఫ్లోరిడాకి తోలారు. దారి చూపించిన కయితా, మార్టీన్లనీ వదల్లేదు. ఫ్లోరిడా, తర్వాత అలబామా, తర్వాత ఓక్లహోమా. ఆ జనం 27 ఏళ్ళు యుద్ధఖైదీలుగా బతికి, మిగిలినవాళ్ళలో ఎక్కువమంది 1913లో గానీ మెస్కలేరో కొండలకి చేరలేదు. సైన్యంలో చివరి స్కౌట్లు రిటైరయింది 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది.

ఇదంతా నీ వ్యాసంలో కుక్కమని కాదు. కానీ తమవాళ్ళ జాడే తీసి, తామూ ఖైదుకి పోయిన మనుషుల గురించి తెలిశాక “రహస్య విద్యా సంప్రదాయం” అని రాయడానికి చెయ్యి ఆడదు.

నేనెందుకింత పట్టుబడుతున్నానో చెప్తాను. ఇరవై మూడేళ్ళ వయసులో దొంగతనం కథ రాశాను. మా తాతయ్య ఎద్దు పోయింది. ఆయన కాలువ గట్టు మీద గిట్టల గుర్తులు పట్టుకుని పక్కూరి దాకా నడిచాడు. అక్కడ రచ్చబండ మీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందులో పెద్దమనిషిలా చుట్ట కాలుస్తున్నవాడి పంచె అంచుకి ఉత్తరేణి గింజలు పట్టుకున్నాయి. ఆ దారిలో ఉత్తరేణి ఉన్నది మా కాలువ గట్టు మీదే. తాతయ్య ఏమీ అనలేదు, వాడి పక్కనే కూర్చుని ఆ గింజలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో పెట్టాడు. అదీ కథ. వారపత్రికకి పంపాను. వాళ్ళు వేశారు, పాతిక రూపాయలు మనియార్డరొచ్చింది. తీరా చూస్తే ‘ఉత్తరేణి’ కొట్టేసి ‘ఏదో ఒక మొక్క గింజలు’ అని దిద్దారు. పాఠకులకి భారమవుతుందని సంపాదకుల వారి ఉద్దేశమట! ఇంతకీ దొంగని ఎలా గుర్తుపట్టాడండీ అని మూడు ఉత్తరాలొచ్చాయి. ఆ సంపాదకుడు పోయి చాలా ఏళ్ళయింది, నా కోపం మాత్రం పోలేదు.

నిప్పు పుట్టించిన పేజీ బాగుంది. చెక్క రాపిడికి రాలిన పొడి గోధుమరంగు నుంచి నలుపుకి తిరగడం, నువ్వు చెయ్యి ఆపేసినా పొగ ఆగకపోవడం, ఊపిరి బిగబట్టి ఆ నలుసంత నిప్పుని పీచులోకి దొర్లించడం, ఇవన్నీ కళ్ళారా చూశాను. మళ్ళీ అక్కడ కూడా ‘ఒక మెత్తని చెక్క’! న్యూజెర్సీ పైన్ బారెన్స్ అడవి కాబట్టి తెల్ల సీడార్ అయ్యుంటుందని నరసరావుపేటలో కూర్చుని నేను ఊహించుకోవాలా? చెక్క పట్టుకున్నది నువ్వు. ఇంకోటి, మీకు నేర్పింది విల్లు తాడుతో పుల్లని తిప్పడం. మన వడ్రంగులు బరమాకి తాడు చుట్టి తిప్పేవాళ్ళే, అలాగన్నమాట. అపాచీలు సోటోల్, యుక్కా లాంటి ఎడారి మొక్కల కాడల్ని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పేవాళ్ళు. శిక్షకుడు చెప్పాడు కదాని అంతా అపాచీ ఖాతాలో రాసేయకు.

‘ప్రకృతితో మమేకం’ నాలుగు చోట్ల ఉంది. ఈమధ్య ఎవరు కొండెక్కినా మమేకమైపోతున్నారు, దోమలు కుట్టిన పాపాన పోవడం లేదు. పిడుదులు పాకకుండా ప్యాంటు సాక్సుల్లోకి దోపుకున్నామని రాశావు చూడు, నాకు అది చాలు. (నువ్వు టిక్కులు అన్నావు. మన గొడ్లని పట్టేవే, పిడుదులు అను.)

ముందుమాట రాస్తారా అని అడిగావు. ఇది ముందుమాట కాదు.

కత్తి పట్టుల గురించి రాసిన రెండు పేజీలు సినిమా ఫైటు, తిప్పేశాను. దానికి ముందున్న నడక మాత్రం మళ్ళీ చదివాను. పాదం బయటి అంచు ముందు ఆనించి, నేలని తడిమి చూసుకుని, ఆ తర్వాతే బరువు వేయడం. చూపుని దేని మీదా గుచ్చకుండా వదిలేసి, రెండు పక్కలా కదిలేదాన్ని పట్టడం. ముందుగా చూస్తే దారి మార్చుకోవచ్చు, అదే అసలు ఆత్మరక్షణ అని మీ శిక్షకుడు అన్నాడని రాసి, మరుసటి పేరాలోనే కత్తి దూశావేమిటి?

తొమ్మిదో పేజీ దగ్గరికొస్తాను. సాయంత్రం మా ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పైకి చదివి వినిపించాను. అపాచీలూ అడవీ నడుస్తున్నంతసేపు ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. “ఆ రోజు తర్వాత పార్కింగ్ లాట్‌లో తాళంచెవులు వేళ్ళ సందున పెట్టుకుని నడవడం అలవాటైంది” అన్న చోట ఆగాయి. “ఏ రోజు?” అంది. నేను పేజీ తిప్పాను. లేదు. చివరిదాకా వెతికాను, ఎక్కడా లేదు.

ఆ కోర్సుకి నువ్వు ఎందుకు వెళ్ళావో అప్పుడు అర్థమైంది. గొయాక్లా మీద భక్తితో కాదు. చెప్పి తీరాలని నేననను. ఆ హక్కు నాకు లేదు. ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేసి మిగతా వ్యాసం దిద్దుకో. ఉంచేమాటైతే మాత్రం అది ఏ వారం, ఎన్నింటికి, చేతిలో ఏముంది, వెనక అడుగులు ఎంత దూరంలో వినిపించాయి, అన్నీ రాయి. అప్పుడు నీ నడక పేజీ దాని పక్కకి తనే వచ్చి కూర్చుంటుంది. ఆ యోగులూ గురువులూ ఏమైపోతారో నాకు తెలీదు, బహుశా అక్కర్లేదు.

తిరగరాసి పంపు. ఈసారి చేత్తో రాసి ఫొటో తీసినా ఫరవాలేదు. మీ నాన్నని అడిగానని చెప్పు. అన్నట్టు, అరచేతి బొబ్బ మానిందో లేదో కనుక్కోమని మా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది.

ఉంటాను,
మీ మాస్టారు